చెప్పుల రిజిస్టరు

నా ఉద్యోగ జీవితంలో కంప్యూటర్‌కు నేను చెప్పిన అబద్ధం ఒక్కటే. అదీ ఒక్క వరుస. పదవీ విరమణ సభలో మాట్లాడిన ఐదుగురిలో ముగ్గురు, అదేమిటో తెలియకుండానే, ఆ వరుసను మెచ్చుకున్నారు. "మన మిషన్‌ను పరుగులు పెట్టించిన మనిషి" అన్నారు. శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. ఆ గడియారం మా ఇంట్లో ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్లు చదివితే "పోనీలే, కావాలని చేశావా ఏమిటి" అంటారు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది.

మాది ఛత్రపూర్‌కూ గోపాల్‌పూర్‌కూ మధ్య ఒక తీరపల్లె. మా అమ్మ ఎండుచేపల గంప బస్సు మీద వేసుకుని బరంపురం బజారుకు వెళ్లేది. గంప దించడానికి తోడు వెళ్లేవాణ్ణి. దించాక సాయంత్రం బస్సు దాకా నాకు పని లేదు. అలా లైబ్రరీ అలవాటైంది. అక్కడి లైబ్రేరియన్ రోజూ నాకు కిటికీ పక్క కుర్చీయే చూపించేవాడు. నా మీద దయ అనుకున్నాను. నా చొక్కాకు పట్టిన ఎండుచేపల వాసన బయటికి పోవడానికని చాలా ఏళ్ల తరువాత అర్థమైంది. ఆ కుర్చీలోనే కూర్చుని నేను కంప్యూటర్ నేర్చుకున్నాను. తెలుగు ఇంట్లో, ఒడియా బడిలో, ఇంగ్లీషు డిక్షనరీలో. ప్లస్ టూ దాటని నేను యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ గురించిన లావుపాటి పుస్తకాన్ని పదకొండు నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసుకున్నాను. ఇంజనీర్లు తడబడిన చోట నేను తడబడనని నాకు పొగరు. ఆ పొగరు గురించి కూడా ఇందులో ఉంది.

ఉద్యోగం మత్స్యకారుల సహకార సంఘంలో. బోట్లు దిగే రేవులో రేకుల షెడ్డు, దాని వెనక గదిలో నా కంప్యూటర్లు. నా పక్క బల్ల దగ్గర ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. ఆయన చేసే పని చూస్తే మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. పొద్దు పొడుస్తుండగా వచ్చి షెడ్డులో చెప్పులు లెక్కపెట్టేవాడు.

దానికి కారణం ఉంది. మా వైపు వేటకు వెళ్లే మనిషిని లెక్కపెట్టరు. "ఎంతమంది ఎల్తన్నారు?" అని ఎవరో కొత్త ఆఫీసరు అడిగినందుకు బోటు ఒడ్డుకు లాగేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. లెక్కపెడితే లెక్క తగ్గుతుందని భయం. కానీ ఎవరు సముద్రం మీద ఉన్నారో సంఘానికి తెలియాలి. బోటును నీళ్లలోకి తోసే ముందు అందరూ చెప్పులు షెడ్డులోనే విడుస్తారు, ఏ బోటు వాళ్లవి ఆ బోటు గుంజ దగ్గర. గుమాస్తా మనుషుల మొహం చూడకుండా చెప్పులు చూసి రాసేవాడు. బోటు నంబరు, ఎదురుగా ఎన్ని జతలు, పక్కన ఎవరివి. పట్టీ తెగి నీలం తాడు కట్టింది ఎవరిదో, మడమ ఒక పక్కకు అరిగింది ఎవరిదో ఆయనకు తెలుసు. సాయంత్రం చెప్పులు ఇళ్లకు వెళ్లిపోతే ఆ వరుస మీద అడ్డంగా గీత. గీత పడని వరుస ఉంటే, అప్పుడు కేకలు.

తరువాత వేలిముద్ర టోకెన్లు వచ్చాయి. వేటకు వెళ్లే ప్రతివాడూ వేలు పెట్టాలి, పేరు, బోటు, టైము నమోదవుతాయి, చిన్న చీటీ వస్తుంది, అది వాళ్ల జేబులోనే సముద్రం మీదికి వెళుతుంది. వేలు పెట్టడం లెక్కపెట్టడం కాదు గనక జనం ఒప్పుకున్నారు. దానికోసం బరంపురం నుంచి కొత్త సర్వర్ తెచ్చారు. అందులో యూనిక్స్ జాతి వ్యవస్థ, తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు. మీరంతా ఎస్‌ఎస్‌డీ అంటారే, అది. కాంట్రాక్టరు తరఫున బిగించడానికి వచ్చినది ఇరవై నాలుగేళ్ల ఇంజనీరమ్మాయి, బరంపురం తెలుగువాళ్ల పిల్ల.

మొదటి వారమే గొడవ మొదలైంది. ఒక్కో వేలికి నాలుగు సెకన్లు పడుతోంది. నాలుగు సెకన్లే కదా అని మీకు అనిపించవచ్చు. అలలు అణిగిన కాస్త సేపట్లో అరవై బోట్లు నీళ్లలోకి దిగాలి. లైను రోడ్డు దాకా వెళ్లేది.

"ఏటి బావూ, నీ మిసను నిద్దరోతన్నాదేటి?"

"సేపలు ఆగుతాయేటి మనకోసం? ఆటికి టోకెన్లు ఇత్తన్నావా?"

"ఒగ్గీయండిరా, ఆడి వేలు నాకుతున్నాదనుకుంటాను మిసను!"

నవ్వులు. నాకు మాత్రం ముఖం మండిపోయింది. నా మిషన్‌ను అంటే నన్ను అన్నట్టే.

జాప్యానికి కారణం నేనే కనిపెట్టాను. ఆ డిస్కులో ఒక చిన్న వేగమైన జ్ఞాపకం ఉంటుంది. ఏది రాయమన్నా ముందు అందులో పెట్టుకుని, వీలు చూసుకుని శాశ్వతంగా రాస్తుంది. కరెంటు పోతే అలా చేతిలో పట్టుకుని ఉన్నది పోతుంది. అందుకని సిస్టమ్ ముఖ్యమైన ప్రతి నమోదుకూ "చేతిలో ఉన్నదంతా కింద పెట్టు, పెట్టి చెప్పు" అని డిస్కును అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. మాది చవక డిస్కు. ఆ ఒక్క పనిలోనే దానికి బద్ధకం.

ఇక్కడే ఆ వరుస వస్తుంది. డిస్కును నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం అమరికల్లో, "ఈ డిస్కుకు తాత్కాలిక జ్ఞాపకం లేదు, నేరుగా రాసేస్తుంది" అని చెప్పవచ్చు. చెబితే సిస్టమ్ ఇక అడగడం మానేస్తుంది. కరెంటు పోయినా లోపలిది రాసి ముగించేంత విద్యుత్తును దాచుకునే కెపాసిటర్లున్న ఖరీదైన డిస్కులకైతే అలా చెప్పినా ఫరవాలేదు. మా దానికి అవి లేవు. మిషన్ మొదలైన ప్రతిసారీ అమలయ్యేలా ఆ వరుసను ఫైల్లో రాస్తుంటే అమ్మాయి నా వెనక నిలబడి చూసింది.

"సార్, ఈ డిస్కులో కెపాసిటర్లు లేవు సార్. అబద్ధం చెప్తున్నారు దానికి."

"నువ్వు పుట్టకముందు నుంచి చదువుతున్నానమ్మా ఇవి. యూపీఎస్ ఉంది కదా. కరెంటు ఎక్కడ పోతుంది?"

"యూపీఎస్ పోతే?"

"పోతే ఆ రోజు ఈ వరుస తీసేస్తాను."

ఆమె వెళ్లేటప్పుడు నా నోటుబుక్కు అడిగి తీసుకుని, నేను ఎత్తి రాసుకున్న ఆ పేజీలోనే, హెచ్చరిక ఉన్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చింది. ఆ వాక్యం నా చేతిరాతలోనే ఉంది. నేను చదవనిది కాదు. చదివి, ఇది తెలివితక్కువవాళ్ల కోసం అనుకున్నది.

మర్నాటి నుంచి వేలు తియ్యకముందే చీటీ వచ్చింది. మూడు రోజుల్లో నేను రేవులో పెద్దమనిషినైపోయాను. ఒక బోటు నడిపే సరంగు కొమ్ముకోనాం చేప తెచ్చి గది గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ఆ ఊపులో నేను రెండో పని చేశాను. పదవీ విరమణ తరువాత కూడా సంఘం దినకూలీ మీద ఉంచుకున్న ముసలి గుమాస్తా ఆ నెలాఖరుకే పని మానేస్తున్నాడు. ఆయన తరువాత చెప్పుల రిజిస్టరు అక్కర్లేదని సంఘం కార్యదర్శికి నోటు పెట్టాను. "ఈ కాలంలో చెప్పులు లెక్కపెట్టే సంఘం ఒరిస్సా మొత్తం మీద మనదొక్కటే" అని అందులో రాశాను. మంచి వాక్యం అని మురిసిపోయాను కూడా.

గుమాస్తా చివరి రిజిస్టరు నా బల్ల మీద పెట్టాడు.

"మిసను మంచిదే బావూ. నేను కాదనను. గానీ మనిసి కాలు జారి పడితే లేత్తాడు. అది పడితే లేత్తాదా?"

"లేస్తుంది పెద్దయ్యా. దానికి నకలు ఉంటుంది."

"నకలు ఎప్పుడు తీత్తావు?"

"రోజూ సాయంత్రం."

"ఏటకెల్లేది పొద్దున్న గదా" అన్నాడు, వాదనగా కాదు, ఊరికే. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో కరెంటు కోతలు మొదలయ్యాయి. కార్యదర్శి గదిలో ఫ్యాను ఆగిపోతోంది. "రెండ్రోజులు ఆ యూపీఎస్ ఇటు పెట్టు బావూ, సెమటకి సచ్చిపోతన్నాను" అన్నాడు. నేనే మోసుకెళ్లి పెట్టాను. రెండు రోజులు ఐదు నెలలయ్యాయి. ఆ ఐదు నెలలూ ఆ వరుస తీసేయాలని నాకు గుర్తుంది. దాన్ని చదవద్దని చెప్పే ఒక్క గుర్తు ముందు పెట్టి మిషన్ ఆపి మొదలుపెడితే చాలు. తీస్తే మళ్లీ లైను రోడ్డెక్కుతుంది. మళ్లీ "నిద్దరోతన్నాదేటి" అంటారు. తీయలేదు.

ఆ రోజు పొద్దున్న ఆకాశంలో ఏమీ లేదు. అందరూ వేళ్లు పెట్టి వెళ్లిపోయారు. గంట గడిచిందో లేదో తూర్పు నుంచి ఈదురుగాలి లేచింది. షెడ్డు రేకులు రెండు ఎగిరిపోయాయి, కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. రెండోసారి వచ్చాక మిషన్ లేవలేదు. ఏది ముందు రాయాలో ఏది తరువాత రాయాలో డిస్కును ఎవరూ అడగలేదు గనక, అది తనకు తోచిన వరుసలో రాసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. పోయింది చివరి రెండు సెకన్ల నమోదు కాదు. డేటాబేస్ మొత్తం విరిగిపోయింది. మధ్యాహ్నానికి ముందురోజు సాయంత్రం నకలుతో నిలబెట్టాను. ఆ ఉదయం ఎవరు సముద్రం మీదికి వెళ్లారో మిషన్‌కు తెలియదు. అరవై బోట్లలో ఒక్క పేరూ లేదు.

బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి. చీకటి పడకముందే ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. రానిది ఇద్దరు వెళ్లిన చిన్న ఫైబర్ తెప్ప. మర్నాడు చమఖండి వైపు వాళ్లు ఒకణ్ణి నీళ్లలోంచి తీశారు. రెండోవాడు అతని బావ. తెప్ప బోల్తా పడ్డాక ఒక అల దాకా కనిపించాడట, తరువాతి అలకు లేడు. శవం ఒడ్డుకు రాలేదు.

బతికినవాడు నాలుగో రోజు వచ్చి షెడ్డులో తన చెప్పులు తొడుక్కుని వెళ్లాడు. పక్కన రెండో జత అలాగే ఉంది. కుడి చెప్పు పట్టీకి వల తాడుతో కుట్టు.

పోయినవాడి భార్యకు పరిహారం ఇవ్వాలా అన్న విచారణ రెండు వారాల తరువాత. వచ్చిన అధికారి చెడ్డవాడేం కాదు. ఒడియాలో నెమ్మదిగా మాట్లాడాడు. పోయినవాడు ఆ వారమే కేరళ రేవుల్లో పనికి వెళ్లాలనుకున్నాడు, టికెట్టు కూడా తీసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు, మునిగిపోలేదు, కేరళకే పోయాడేమోనని. చూసినవాడు ఒక్కడే, వాడు పోయినవాడి భార్యకు తమ్ముడు. తక్కిన సాక్షులు ఊరివాళ్లు. "ఊరంతా ఒకరికొకరు చుట్టాలే కదా, నేను ఎవరి మాట రాసుకోను?" అన్నాడు అధికారి. భార్య ట్రంకుపెట్టెలోంచి వాడని టికెట్టు తెచ్చి చూపించింది. "టికెట్టు లేకుండా రైలెక్కేవాళ్లు లేరా అమ్మా" అన్నాడు. చెప్పులు తెచ్చి బల్ల ముందు పెట్టింది. ఆయన వాటిని చూసి, నా వైపు చూసి, "ఇవేమిటి?" అని అడిగాడు.

చెప్పవలసినవాణ్ణి నేనే. ఒకప్పుడు ఆ చెప్పులకు ఒక రిజిస్టరు ఉండేదని, పేరూ తేదీతో సహా రాసేవారని, దాన్ని ఆపించింది నేనని. నేను "ఇక్కడ విడిచి వెళ్లడం వాళ్ల అలవాటు సార్" అన్నాను.

"అలవాటు సాక్ష్యం కాదు. మీ సిస్టమ్‌లో ఇతని పేరు ఉందా? రాసివ్వండి."

భోజనాల వేళ కార్యదర్శి నన్ను తన గదిలోకి పిలిచాడు. ఫ్యాను తిరుగుతోంది.

"సూడు బావూ, సర్వర్ పాడైపోనాదని రాసినావనుకో. యూపీఎస్ ఏదంటారు. ఇక్కడుందని సెప్పాల. నీ సెటింగు ఏటంటారు. ఆ గుంట ఇంజనీరుని పిలుత్తారు. నీకు పదమూడు నెలలుంది. పింఛను ఆగిపోతాది. అడిగినదానికి జవాబు రాయి. ఆడి పేరు ఉందా, నేదా?"

"లేదు."

"నేదు గదా! అబద్దం రాయమంటన్నానేటి నేను?"

రాశాను. "ఆ తేదీన పై వ్యక్తి పేరు మీద టోకెన్ నమోదు మా వ్యవస్థలో లేదు." ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ తేదీన ఇంకెవరి పేరూ లేదని రాయలేదు. సముద్రంలోంచి తీసిన మనిషి, ఆ గుమ్మంలోనే కూర్చున్న మనిషి, అతని పేరు కూడా లేదని రాయలేదు. అధికారి అడగలేదు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అంతా బయటపడేది. అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగనందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఇంత సిగ్గుమాలిన కోపం ఇంకొకటి ఉండదు.

ముసలి గుమాస్తా ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. గుంజ దగ్గర ఆమె తిరిగి పెట్టి వెళ్లిన ఆ జతను ఒంగి చూశాడు.

"ఈ కుట్టు నా ముందే ఏసుకున్నాడు" అన్నాడు. "మరి నీ మిసన్లో ఏటున్నాది?"

నేను గది తాళం వేసే పనిలో పడ్డాను. ఆయన మళ్లీ అడగలేదు. మరి ఎప్పుడూ నాతో మాట్లాడలేదు కూడా. మరుసటి ఏడు పోయాడు.

యూపీఎస్‌ను తిరిగి మిషన్ దగ్గరికి తెచ్చాను. వరుస తీసేశాను. ఆ వారంలోనే లైను మళ్లీ రోడ్డెక్కింది, మళ్లీ ఎగతాళి. ఈసారి నాకు వినిపించలేదు. కొత్త డిస్కు వచ్చేదాకా అలాగే నడిపాను. సభలో శాలువా కప్పినప్పుడు వాళ్లు మెచ్చుకున్న వేగం, అప్పటికి ఏడాది ముందే నేను తీసేసిన వేగం.

పింఛను మొదలయ్యాక నాకు ధైర్యం వచ్చింది. ఇలాంటి ధైర్యాలు అప్పుడే వస్తాయి. బరంపురం లైబ్రరీలో అదే కిటికీ పక్కన కూర్చుని నాలుగు పేజీల వాంగ్మూలం రాసి పై కార్యాలయానికి పంపాను. ఏ వరుస రాశానో, ఎందుకు రాశానో, ఆ ఉదయం అందరి పేర్లూ ఎలా పోయాయో. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. పదవీ విరమణ చేసిన వ్యక్తి సొంత ఉత్తరాన్ని, సంఘం అధికారికంగా ఇచ్చిన ధ్రువపత్రానికి విరుద్ధంగా పరిగణించలేమని. ఆ ధ్రువపత్రం మీద సంతకం నాదే. నా సంతకంతోనే నా మాట కొట్టేశారు. కబురు లేని మనిషిని చనిపోయినట్టు ఎంచాలంటే ఏడేళ్లు ఆగాలట. ఇంకా మూడున్నాయి.

మొన్న పోయినవాడి భార్యను చూడటానికి వెళ్లాను. ఉత్తరం సంగతి, దానికి ముందు సంగతి, మొత్తం చెప్పాలని. ఇంటి ముందు పరదా మీద కవళ్లు ఎండబెడుతోంది. నేను చెప్పినంతసేపూ చేపలు తిప్పుతూనే ఉంది. బొట్టు ఉంది. లేకుండా ఉండటానికి అత్తగారు ఒప్పుకోదట, ఉంచుకుంటే ఊరు నవ్వుతుందట. "ఏటుంచుకోవాలో ఏది తీసీయాలో నాకు తెలీడం నేదు బావూ" అంది.

అంతా విని, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మిసను మరిసిపోనాదన్నావు. సరే. నువ్వు మరిసిపోనేదు గదా?"

నేను గుమ్మం పక్కనున్న ఆ చెప్పుల వైపు చూశాను.

"ఆ పొద్దున్న ఆడు ఏలు పెడుతుంటే నువ్వక్కడే ఉన్నావు. 'ఇంటిదానికి సెప్పి ఎల్తన్నావా, సెప్పకుండా ఎల్తన్నావా' అని ఏళాకోళం ఆడినావంట గదా. మా తమ్ముడు సెప్పినాడు."

అవును. ఆడాను. సాక్షిని నేను. మిషన్ కంటే ముందు అడగవలసినది నన్ను, చెప్పవలసినది నేను. ఆమెకు చుట్టాన్ని కూడా కాదు.

ఆమె లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. సంఘం నుంచి వచ్చింది, ఒడియాలో అచ్చు.

"ఏటేటా ఒత్తన్నాదిది. ఇదేటో సదివి సెప్పు. నీ సదువు దీనికైనా పనికొత్తాదేమో."

చదివాను. ఆమె భర్త పేరు, కార్డు నంబరు. గుర్తింపు కార్డు గడువు ముగుస్తోంది, కొత్త వేలిముద్ర ఇవ్వడానికి స్వయంగా హాజరు కావలసింది. రానిచో ఈ ఏడాదికి కార్డు నిలిపివేయబడును.

"ఆడే ఎల్లాలా?"

"అతనే."

కాగితం నాలుగు మడతలు పెట్టి, గుమ్మం పక్కన ఆ చెప్పుల కింద పెట్టింది. అక్కడ అలాంటివి ఇంకో మూడున్నాయి.

ఆ నోటీసులు పంపే ప్రోగ్రాం రాసింది నేనే. అది ఒక్క ఏడు కూడా తప్పలేదు.